గుర్తుతెలియని రిపోర్టులు

మా ప్రాజెక్టు తెరిచినవాళ్ళకి మొదట కనపడేవి నలభై మూడు ఫైళ్ళు. అసలు ప్రోగ్రామ్ ఎక్కడుందో చూడాలంటే వాటన్నిటినీ దాటుకుని కిందికి పోవాలి. చుట్టాలు దిగిన ఇంట్లో గుమ్మం ముందు చెప్పులు కుప్పపడి ఉంటాయి చూడండి, అలాగన్నమాట. పదమూడేళ్ళుగా ఒక్కొక్కరూ తెచ్చి పడేశారు, నేను పడేయనిచ్చాను. ఇంటి యజమానురాలిని నేనే కాబట్టి తిట్లు కూడా నాకే.

అవి బిల్డ్ ఫైళ్ళు. ప్రోగ్రామ్ రాయడం ఒక ఎత్తు, దాన్ని ఒక్కో రకం కంప్యూటర్ మీద నడిచేలా కట్టడం ఒక ఎత్తు. ఏ కంప్యూటర్‌కి ఏం కావాలి, ఏ ప్రింటర్‌తో ఎలా మాట్లాడాలి అని రాసిపెట్టినవే ఆ ఫైళ్ళు. మొదటి వరుసలో ఆ ఫైలు తెచ్చినవాళ్ళ పేరుంటుంది. మాది దర్జీల కోసం రాసిన ప్రోగ్రామ్. మనిషి కొలతలిస్తే చొక్కాకో కోటుకో కావలసిన ముక్కలన్నీ అసలు సైజులో కాగితం మీద గీసిస్తుంది. కాగితం కత్తిరించి, బట్ట మీద పెట్టి, చుట్టూ కత్తెరాడించుకోవడమే. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపల ఎలా ఉందో చూడొచ్చు, చేతనైతే దిద్దొచ్చు. చేతకానివాళ్ళు కూడా దిద్దుతారు, అది వేరే సంగతి.

నా ఉద్యోగం లిఫ్టులు తయారుచేసే కంపెనీలో. నేను రాసింది నమ్ముకుని జనం పైకీ కిందికీ పోతుంటారు, నేను మాత్రం పందొమ్మిదేళ్ళుగా రెండో అంతస్తులోనే ఉన్నాను. దర్జీల ప్రోగ్రామ్ పని ఆఫీసుకి పోయేముందు ఒక గంట, సెలవు రోజున మధ్యాహ్నం దాకా, భోజనాల బల్ల మీద. "ఇంట్లో ఊడిన గుండీ కుట్టవు గానీ, లోకంలో దర్జీలందరికీ నువ్వే దిక్కు," అంటాడు మా ఆయన. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని ఆయన బాధ.

ఈ ఫైళ్ళ గొడవ మొదలెట్టింది మాస్టారు. లెక్కలు చెప్పి చెప్పి రిటైరయ్యాక, తోచక మా ప్రాజెక్టులో చేరినాయన. మొహాలు చూసుకున్నది లేదు, వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుంటాం.

"అమ్మా, కొత్తగా సాయం చేద్దామని వచ్చినవాళ్ళు ఈ కుప్ప చూసి గుమ్మంలోంచే వెనక్కి పోతున్నారు. వీటికో ఫోల్డరు పెట్టి సర్దుదాం. పనికిరానివి తీసేద్దాం," అన్నారు.

నాలుగు నెలలు దాటేశాను. ఒకసారి ఆఫీసులో పనన్నాను, ఒకసారి నడుం నొప్పన్నాను. నిజం చెప్పాలంటే నొప్పి ఒక్క ఫైలు దగ్గరే. అది మా వదినది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. భార్యగా ఉన్నావిడ. విడిపోయి ఏడేళ్ళయింది. భార్యాభర్తలకి కోర్టువాళ్ళు ఒక కాగితం ఇస్తారు, ఇంతటితో సరి అని. ఆడపడుచుకి ఏ కాగితమూ ఇవ్వరు. వదినని వదిన కాకపోతే ఇంకేమని పిలవాలో ఈరోజు వరకూ నాకు తెలియలేదు.

మా ప్రోగ్రామ్ పుట్టింది ఆవిడ కుట్టు షాపులో. మెట్లెక్కితే పొడుగాటి గది, వీధివైపు రెండు కిటికీలు, మధ్యలో నడుమెత్తు కటింగ్ బల్ల, ఓ పక్క మూడు కుట్టుమిషన్లు. వదిన మెడలో టేపు, జుట్టులో పెన్సిలు. కొలతల నుంచి కాగితం ముక్కలు గీసే లెక్క ఆవిడ చెబితే నేను రాశాను. మొదటి చొక్కా అన్నయ్యకే కుట్టింది. తొడుక్కున్న మనిషి చేతులు పైకెత్తలేకపోయాడు. "మీ చెల్లెలి కంప్యూటర్ మిమ్మల్ని అరెస్టు చేసిందండీ," అంది వదిన. వెతగ్గా వెతగ్గా తేలిందేంటంటే, ప్రింటరు ప్రతి ముక్కనీ నూటికి మూడు పాళ్ళు కుదించి అచ్చేస్తోంది. అప్పట్నుంచి ప్రతి కాగితం మూలా అయిదు సెంటీమీటర్ల చదరం ఒకటి పడుతుంది. టేపు పెట్టి కొలిచి, సరిగ్గా అయిదుంటేనే కత్తెర పట్టాలి. ఆ ఆలోచన వదినది.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆవిడ కంప్యూటర్‌కి మా ఫైళ్ళేవీ పనికిరాలేదు. బల్లంత వెడల్పు కాగితం మీద గీసే పాత ప్రింటరొకటి ఎక్కడో సంపాదించింది. అది ఒక్క ముసలి కంప్యూటర్ మాటే వింటుంది. దానికి వేరే ఫైలు రాయాల్సొచ్చింది. నేను రాసిస్తానంటే ఒప్పుకోలేదు. "నాకు నేర్పు. రేపు నువ్వు అందుబాటులో లేకపోతే ఎవర్నడగను," అంది. పదిహేను రోజులు నా పక్కన కూర్చుని, తప్పులు చేసి, నన్ను విసిగించి, తనే రాసింది. దానికి మా ఇంటిపేరు పెట్టింది. "ఆడపడుచు అర్ధమొగుడంటారు అమ్మడూ. నాకు ఆ అర్ధమే అక్కరకొచ్చింది," అని నా జడ పట్టి లాగింది. నన్ను అమ్మడూ అని పిలిచేది ఆవిడొక్కతే.

మా దగ్గర ఒక పద్ధతుంది. నెలకోసారి కొత్త వెర్షన్ విడుదల చేస్తాం. అందరి కంప్యూటర్లూ దాన్ని తెచ్చుకుని, ఎవరి ఫైలు ప్రకారం వాళ్ళు కట్టుకుని, అయిందో లేదో నాకో రిపోర్టు పంపుతాయి. రిపోర్టు అడుగున 'మాట' అని ఒక గడి ఉంటుంది. మనిషి ఏదైనా చెప్పాలనుకుంటే అందులో రాయొచ్చు. చాలామంది ఖాళీగా వదిలేస్తారు. వదిన రాసేది. "చంక దగ్గర పట్టేస్తోంది, చూడు." జవాబు నేను మరుసటి నెల వెర్షన్‌తో పాటు వేసే నోట్లో రాసేదాన్ని. "చంక వదులు చేశాం." ఆ నోటు అందరూ చదివేదే. ఆ వరుస మాత్రం ఒక్క మనిషి కోసం.

వాళ్ళిద్దరూ ఎందుకు విడిపోయారంటే చెరో కారణం చెబుతారు. రెండూ నిజమే అనిపిస్తాయి. నిప్పు లేనిదే పొగ రాదంటారు, నాకైతే పొగ కూడా కనపడలేదు. "నేను ఎవరి తరఫునా మాట్లాడను, ఎవరి మాటా మోయను," అని ఇద్దరికీ చెప్పేశాను. గొప్ప న్యాయం చేశాననుకున్నాను. వదిన షాపు ఎత్తేసి వేరే ఊరు వెళ్ళిపోయింది. ఫోన్లు ఆగిపోయాయి. రిపోర్టులు మాత్రం ఆగలేదు. రిపోర్టంటే పని కదా, మాట కిందికి రాదు. ఒక ఏడాది అలా చంకలూ కాలర్లూ కఫ్‌లూ మాట్లాడుకున్నాం. తర్వాత ఒక నెల రిపోర్టు రాలేదు. మరుసటి నెలా రాలేదు.

ఆరేళ్ళు. విడుదల చేసిన ప్రతిసారీ మర్నాడు పొద్దున మొహం కూడా కడుక్కోకుండా జాబితా చూసేదాన్ని. లేదు. మొదట బెంగపడ్డాను. తర్వాత అలిగాను. తనే ఆపింది, తనే మొదలెట్టాలి అనుకున్నాను. అలక తీరాక మళ్ళీ బెంగే మిగిలింది. బట్టల షాపుకి వెళితే నా చెయ్యి తనంతట తనే చంక కుట్టు తడిమి చూసేది. ఎవరికి చెప్పుకోను? చనిపోయినవాళ్ళ కోసమైతే నలుగురిలో ఏడవొచ్చు. విడిపోయి వెళ్ళిపోయిన వదిన కోసం ఏడిస్తే కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు.

చివరికి మాస్టారు మా ప్రాజెక్టు రూల్సు తీసి నాకే చదివి వినిపించారు. రెండేళ్ళుగా రిపోర్టు రాని కంప్యూటర్ ఫైలు తీసేయాలి. తీసేముందు మొదటి వరుసలో పేరున్నవాళ్ళకి మెయిలు రాసి మూడు వారాలు ఆగాలి.

"ఈ రూలు రాసిందెవరమ్మా?" అనడిగారు.

"నేనే మాస్టారూ."

"మరి ఇంకేం," అన్నారు. పరీక్షలో సున్నా వేసి పేపరు చేతికిచ్చే గొంతు.

అలాంటివి ఆరు తేలాయి. అయిదుగురికి రాస్తే నలుగురు బదులిచ్చారు. ఒకాయన తన కంప్యూటర్‌ని గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నానని, ఆ పని మాత్రం ఏనాడూ ఫెయిలవ్వలేదని రాశాడు. వదినకి నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చెరిపాను. ఒకటి మరీ పొడుగైంది, ఒకటి నిష్ఠూరంగా ఉంది, ఒకటి చదివితే నాకే ఏడుపొచ్చింది. ఆఖరికి అందరికీ పంపిందే పంపాను. 'ఈ కంప్యూటర్ ఇంకా వాడుతున్నారా? లేనిచో ఫైలు తొలగించబడును.' నాకు గోరుముద్దలు పెట్టినంత పని చేసిన మనిషికి మున్సిపాలిటీ నోటీసు పంపినట్టు పంపాను. నిమిషంలో తిరిగొచ్చింది, ఆ చిరునామా ఇప్పుడు లేదని. పాత ఫోన్ నంబరుకి ఎప్పుడో చేసి చూశాను, ఎవరో కొత్త మనిషి ఎత్తారు. అన్నయ్యని అడగొచ్చు. కానీ ఎవరి మాటా మోయనని శపథం పట్టింది నేనే కదా.

మూడు వారాలూ అయిపోయాయి. శనివారం, ఆదివారం కూర్చుని ముప్పై ఏడు ఫైళ్ళనీ కొత్త ఫోల్డర్లోకి మార్చాను. కంప్యూటర్ రకాన్ని బట్టి, ప్రింటర్ని బట్టి వరసపెట్టాను. రెండు మూడు ఫైళ్ళలో ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ రాసి ఉంటే తీసి ఒకచోట పెట్టాను. అయిదు పాత ఫైళ్ళు తీసేశాను. వదినది చివరిదాకా ఉంచి, అదీ తీసేశాను. ఒక్క మీట నొక్కడమే. వేలికి ఏమీ తెలియలేదు. సోమవారం కొత్త వెర్షన్ విడుదలైంది. "ఇల్లు ఊడ్చినట్టుంది," అన్నారు మాస్టారు. నాకూ అలాగే ఉంది, ఖాళీ చేసిన ఇల్లు ఊడ్చినట్టు.

శుక్రవారం మళ్ళీ ఫోన్ చేశారు. నేను ఆఫీసులో మెట్ల దగ్గర నిలబడి మాట్లాడాను.

"ఇంకొక్కటి మిగిలిందమ్మా. రిపోర్టులు వచ్చేచోట 'గుర్తుతెలియనివి' అని ఓ పెట్టె ఉంది. ఎవరూ తెరిచినట్టు లేరు. డెబ్భై రెండు రిపోర్టులున్నాయి. తమాషా ఏంటంటే అన్నీ ఒకే కంప్యూటర్ నుంచి. డెబ్భై ఒకటీ బిల్డ్ అయినవే, మొన్న సోమవారంది ఒక్కటీ ఫెయిలైంది. తీసేయనా?"

"ఏ పేరుతో వచ్చాయి మాస్టారూ?"

ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివారు. మా ఇంటిపేరు.

"తీయకండి మాస్టారూ," అన్నాను. వాళ్ళు విడిపోయిన ఏడాదికి, ప్రతి నెలా మా ఇంటిపేరు కళ్ళబడితే ఆవిడకేం బాగుంటుందని, ఆవిణ్ణి అడక్కుండానే ఆ ఫైలు పేరు మార్చాను. ఇంటిపేరు తీసి పదిహేడు అని అంకె పెట్టాను. పాత పేరుతో పిలిచినా ఫైలు పలికేలా ఏర్పాటు చేశాను, బిల్డ్ ఆగకుండా. రిపోర్టుల సంగతి మర్చిపోయాను. ఆవిడ కంప్యూటర్ ఎప్పటిలాగే పాత పేరుతో రిపోర్టు పంపుతోంది. ఆ పేరు మా జాబితాలో లేదు. ఎవరో తెలియదని పక్కన పడేసింది నేను రాసిన ప్రోగ్రామే. ఆవిడ మనసు నొప్పించకూడదని చేసిన పని అది. గుమ్మంలో నిలబడి డెబ్భై రెండుసార్లు పిలిస్తే, ఎవరో తెలియదు పొమ్మన్నాను.

సగం రోజు సెలవు పెట్టి ఇంటికొచ్చి, భోజనాల బల్ల దగ్గర కూర్చుని అన్నీ చదివాను. డెబ్భై రెండింటిలోనూ 'మాట' గడి నిండి ఉంది.

మొదటిది: "కఫ్ పొడుగైంది, చూడు." మూడోది: "కఫ్ సంగతి రాశాను, చూడలేదా?" ఆరోది: "నోట్లో నా వరుస లేదు. పని ఎక్కువైందేమో." పదోది: "మీ వాళ్ళు వద్దన్నారా? పర్లేదు. జవాబు రాయక్కర్లేదు. నేను మాత్రం రాస్తుంటా." తర్వాత్తర్వాత కొలతల సంగతులు తగ్గిపోయాయి. "కళ్ళజోడు నంబరు మారింది." "ఇవాళ ఒకమ్మాయి కోటు కొలతలకొచ్చింది. నీలాగే ఒకచోట నిలబడదు." "కిటికీ పక్క గది దొరికింది, మంచి వెలుతురు." అలా నెలనెలా, ఆరేళ్ళు. మొన్న సోమవారం నాటిది: "నా ఫైలు తీసేశావు. ఒక్కమాట చెప్పి తీయాల్సింది, అమ్మడూ."

ఫైలు తిరిగి పెట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. పాత పేరుతోనే పెట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏంటో బాగా తెలిసింది.

శనివారం పొద్దున్నే అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. వాడిది కళ్ళద్దాల షాపు. కౌంటరు వెనక దీపం కింద తలవంచుకుని, ఎవరిదో ఫ్రేముకి చిన్న మర బిగిస్తున్నాడు.

"అన్నయ్యా, వదిన నంబరు కావాలి," అన్నాను. వాడి ముందు ఆ మాట అని ఏడేళ్ళయింది.

వాడు తలెత్తలేదు. ఎందుకని అడగలేదు. ఫోను పక్కనే ఉన్నా ముట్టుకోలేదు. మర బిగిస్తూనే పది అంకెలూ చెప్పాడు, చిన్నప్పుడు ఎక్కం అప్పజెప్పినట్టు. నేను రాసుకున్నాను.

"కొత్త నంబరు నీకెలా తెలుసు?"

"తెలుసు," అన్నాడు. "ఎప్పుడూ చేయలేదులే." మర చేతిలోంచి జారి కిందపడింది. ఇద్దరం వంగి వెతికాం. దొరికాక నేను వచ్చేశాను.

ఇంట్లో రిపోర్టులన్నీ ముందు పెట్టుకుని ఫోన్ చేశాను. అవతల కుట్టుమిషన్ చప్పుడు.

"ఎవరండీ?"

"నేను వదినా."

మిషన్ ఆగింది.

"ఫైలు తీసేశావుగా. ఇంకేం కావాలి?" అంది.

జరిగిందంతా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. పేరు మార్చడం, పెట్టె, డెబ్భై రెండు.

"అయితే ఒక్కటీ చదవలేదా?"

"నిన్న చదివాను. అన్నీ."

"నా పేరు తీసి ఏం పెట్టావన్నావ్?"

"పదిహేడు."

"పదిహేడు," అంది వదిన. "బ్యాంకులో పేరు మార్చుకున్నాను. షాపు బోర్డు మార్చాను. అక్కడొక్కచోట మార్చబుద్ధి కాలేదు, ఉండనీలే, ఎవరు చూస్తారని. అదేమో నువ్వు మార్చావు."

"నీకు కష్టంగా ఉంటుందేమోనని."

"అడిగితే చెప్పేదాన్నిగా."

"మళ్ళీ పెట్టేశాను వదినా, పాత పేరుతోనే. వచ్చే నెల నీ రిపోర్టు నేరుగా నాకే వస్తుంది," అన్నాను.

"వచ్చే నెల ఎక్కడిదే. సోమవారం ఫెయిలయింది కదా, ఇక మనకి సెలవన్నమాట అనుకున్నాను. బుధవారం పాతసామాన్లవాళ్ళకి ఇచ్చేశాను, కంప్యూటరూ ప్రింటరూ. మెట్లు దింపడానికి ఇద్దరు పట్టారు."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆవిడ ఆపమనలేదు, ఏడవనిచ్చింది. తర్వాత, "ఊరికే ఏడిస్తే ఏం లాభం. డెబ్భై రెండు రాశాను. జవాబులు చెప్పు, వరసగా," అంది.

వరసగా చదివి చెప్పడం మొదలెట్టాను. కఫ్ మరుసటి ఏడాది సరిచేశాం, ఇంకెవరో చెబితే. ఎవరూ వద్దనలేదు వదినా, ఎవరికీ తెలియనే తెలియదు. నాకూ కళ్ళజోడొచ్చింది. ఇప్పుడు కూడా ఒకచోట నిలబడను. ఆవిడ ఊఁ కొడుతూ వింటోంది. ఒకటి రెండుచోట్ల నవ్వింది. ముప్పైమూడోదాని దాకా వచ్చి, ముప్పైఅయిదోది చదివాను.

"ఒకటి వదిలేశావు," అంది.

"లేదు వదినా."

"ఏది రాశానో, ఎప్పుడు రాశానో నాకు గుర్తుంది అమ్మడూ. ముప్పైనాలుగోది చదువు."

చదివాను. "మీ అన్నయ్యని ఆసుపత్రిలో చేర్చారని విన్నాను. ఎలా ఉన్నాడో ఒక్కమాట రాయి."

"మరుసటి నెల నీ నోటు మూడుసార్లు చదివాను," అంది వదిన. "గుండీల మధ్య దూరం సరిచేశాం అనుంది. షాపు తెరిచాడని తర్వాతెప్పుడో ఎవరో అన్నారు. మీ ఇంట్లోవాళ్ళ నోట వినలేదు. ఇప్పుడు చెప్పు."

"టైఫాయిడ్ వదినా. పదకొండు రోజులు ఉంచారు. తగ్గిపోయింది."

"తగ్గిందా," అంది వదిన. మూడేళ్ళుగా ఆసుపత్రి బయటే కూర్చుని ఉన్న మనిషిలా అంది.